బంగ్లాదేశ్ చొక్కాలో మా జయంతి

క్యారీ,
10 మార్చి 2025

మా చిట్టితల్లి జయంతికి,

మీ నాన్న ఇవాళ నేల మీద లేడమ్మా. అక్షరాలు వంకరపోతే వయసు అనుకోకు, సంతోషం అనుకో. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చెవిలో మిషను పెట్టుకున్నా ఫోన్‌లో నీ గొంతు నాకు బావి అడుగునుంచి పిలిచినట్టే ఉంటుంది. మీ అన్నయ్య జగదీష్ పక్కన నిలబడి ప్రతి మాటా అరిచి చెప్పాలి. కాగితం మీదైతే నువ్వూ నేనూ తప్ప ఇంకెవరూ ఉండరు.

సంగతేమిటంటే, జగదీష్ ఆఫీస్‌కి వెళ్తూ నన్ను సీనియర్ సెంటర్‌లో దింపుతాడు కదా, అక్కడ షారన్ అని ఒకావిడ ఉంది. మా ముసలాళ్ళందరికీ ఆవిడే హెడ్మాస్టరు. మే నెల ఆఖరి శనివారం దేశదేశాల జాతీయ క్రీడల పండగ పెడుతోంది. ఎవరు ఏ దేశంనుంచి వచ్చారో ఆ దేశం ఆట ఆడి చూపించాలి. ఇవాళ ఒక్కొక్కరినీ లేపి చెప్పమంది. ఏం చెప్పారమ్మా! నాకు ఒళ్ళు పులకరించిపోయింది.

దోర్జీ గారని భూటాన్ ఆయన. వాళ్ళది విల్లు. గురి ఎంత దూరంలో ఉంటుందనుకున్నావు? మన అమలాపురం డిపో గేటు దగ్గర నిలబడి బస్టాండు అవతలి గోడకున్న పళ్ళాన్ని కొట్టినట్టు. బాణం తగిలితే ఆ జట్టంతా వరసగా నిలబడి పాట పాడి చిందు వేస్తారట. ఎదుటి జట్టువాళ్ళు గురి పక్కనే నిలబడి, 'నీకు కళ్ళు కనబడుతున్నాయా, మీ ఆవిణ్ణి పంపకపోయావా' అని ఎగతాళి చేస్తారట. బాణం వచ్చేటప్పుడు అక్కడ నిలబడటమేమిటి, వాళ్ళ గుండె ధైర్యం చూడు!

కొలంబియానుంచి ఎల్వీరా అనే ఆవిడ. మీ అమ్మ వయసు. వాళ్ళ ఆటలో మట్టి పలక మీద తుపాకీమందు పొట్లాలు పెట్టి, దూరంనుంచి ఇనప బిళ్ళ విసిరి పేల్చాలి. పేలితే పాయింటు. దీపావళినే ఆటగా పెట్టుకున్న దేశం! ఇక్కడ మందు పెట్టడానికి వీల్లేదని షారన్ అంటే, బుడగలు పెట్టి పేలుస్తానంది.

అప్పుడు నా వంతు వచ్చింది. లేచి 'కబడ్డీ' అన్నాను. అని ఊరుకుంటానా? మా అమ్మాయి కాకినాడ కాలేజీ కెప్టెన్, యూనివర్సిటీకి ఆడింది, కాలిఫోర్నియానుంచి వచ్చి కూత పెట్టి చూపిస్తుంది అన్నాను. ఊపిరి బిగబట్టి ఆపకుండా కూత పెడుతూ ఎదుటి గళ్ళోకి వెళ్ళి, ఒకళ్ళని తాకి, అదే ఊపిరితో వెనక్కి రావాలని చెబితే ఎల్వీరా గుండెల మీద చెయ్యి వేసుకుంది. షారన్ బోర్డు మీద నీ పేరు రాసింది. ఇంగ్లీషులో ఎంత బాగుందమ్మా నీ పేరు!

టికెట్టు బుక్ చేసేయి. నా మనవరాలు మాయని కూడా తీసుకురా.

నీ ఆట గురించి ఊరంతా చెప్పుకు తిరుగుతున్న
మీ నాన్న వెంకటస్వామి

తా.క.: మీ అమ్మ 'దాన్ని అడిగారా?' అంటోంది. కూతురి ఆటకి కూతుర్ని అడగడమేమిటి?


శాన్ రామన్,
17 మార్చి 2025

నాన్నా,

అమ్మ కరెక్ట్‌గా అడిగింది. నన్ను అడగకుండా పేరు ఎందుకిచ్చావు?

నాకు నలభై మూడేళ్ళు. ఆట వదిలేసి ఇరవై ఏళ్ళు దాటింది. కిందటేడు మోకాలికి సర్జరీ అయింది, గుర్తుంది కదా? రోజంతా కుర్చీలో కూర్చుని మీటింగ్స్. పైఅంతస్తుకి మెట్లెక్కితే ఆయాసం. ఇంకా కూత ఎక్కడ?

షారన్ గారికి చెప్పి పేరు తీయించు. కావాలంటే కబడ్డీ గురించి ఫోటోలతో స్లైడ్స్ చేసి పంపుతాను, నువ్వే మాట్లాడు. నువ్వు మాట్లాడితే బాగుంటుంది.

చెవి మిషన్ బ్యాటరీ మార్చమని వదినకి చెప్పు.

జయంతి


క్యారీ,
25 మార్చి 2025

బంగారుతల్లీ,

మోకాలి సంగతి గుర్తుచేసి మంచిపని చేశావు. నేను మర్చేపోయాను! బాగు చేయించుకున్న మోకాలంటే కొత్త మోకాలే కదా. ఉద్యోగమున్నన్నాళ్ళూ బస్సుల కింద పడుకున్నవాణ్ణి, నాకు తెలీదా? ఇంజను విప్పి బిగించాక బండి ముందటికంటే హాయిగా పోతుంది. నా బెంగ తీరిపోయింది.

ఇక్కడ మాత్రం పెద్ద గొడవ జరిగింది. మాలెక్ భాయ్ అని బంగ్లాదేశ్ ఆయన, బరిసాల్ దగ్గరివాడు. పేర్లు రాసినప్పటినుంచీ జ్వరంతో రాలేదు. ఈ వారం వచ్చి బోర్డు చూశాడు. చూసి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"భాయ్, కబడ్డీ మాది. మా ప్రభుత్వం రాసిపెట్టింది. మీది హాకీ కదా? మా ఆట పట్టుకుపోతే ఎలా?"

"మా ఊళ్ళో మా తాత ఆడాడయ్యా, మీ ప్రభుత్వం పుట్టకముందే."

"మా తాత మీ తాతని పట్టుకుని పడేసేవాడు."

"ఊపిరి ఉంటే కదా పడెయ్యడానికి!"

ఇద్దరం అరుచుకున్నాం. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన నాకు నారింజపండు ఒలిచి పెట్టాడు. మోకాళ్ళు అరిగిపోయాయిగానీ భుజాలు చూస్తే తెలుస్తుంది, ఒకప్పుడు మంచి పట్టున్న కబడ్డీ ఆటగాడు.

ఇంటికొచ్చి మన కోడలు విద్యని అడిగాను. హాకీయే అని మనం బళ్ళో చదువుకున్నాం కదా, ఇప్పుడేం చెయ్యాలి అని. విద్య కంప్యూటర్‌లో చూసి, "మావయ్యగారూ, మన ప్రభుత్వం ఏ ఆటనీ జాతీయ క్రీడ అని ప్రకటించలేదట. హాకీ కూడా కాదట" అంది. నేను నమ్మలేదు. ఎవరో అర్జీ పెట్టి అడిగితే ప్రభుత్వమే అలా జవాబిచ్చిందట, చూపించింది. 

కెనడావాళ్ళు చలికాలానికొకటి, ఎండాకాలానికొకటి అని చట్టమే చేసుకున్నారట. ఇక్కడికి దగ్గర్లో ఉన్న మేరీలాండ్ దేశం కూడా కాదు, రాష్ట్రం. దానికీ ఉంది! గుర్రం మీద దూసుకుపోతూ బల్లెంతో వేలాడే ఉంగరాల్ని గుచ్చుతారట. ఎంత సొగసైన ఆట! అమెరికా మొత్తానికి మాత్రం మనలాగే ఏదీ ప్రకటించలేదట. మొదట దిగులు వేసింది. తర్వాత అనుకున్నాను, అంతమంది పిల్లలున్న తల్లి ఒక్కదాన్ని చూపించి ఇదే నా పిల్ల అని ఎలా అంటుంది, పాపం.

అయినా షారన్ రూలు గట్టిది. ప్రకటించిన ఆటే ఆడాలంది. బోర్డు మీద ఇండియా ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టింది. నువ్వేం దిగులు పెట్టుకోకు. నేనున్నాను.

ఆలోచనలో పడ్డ
నాన్న


శాన్ రామన్,
1 ఏప్రిల్ 2025

నాన్నా,

ఇంక ప్రాబ్లమే లేదు. రూల్ రూలే. ఇండియాకి జాతీయ క్రీడ లేదు కాబట్టి నేను లేను. షారన్ గారికి నా తరఫున థాంక్స్ చెప్పు.

నువ్వు హాయిగా కూర్చుని భూటాన్ వాళ్ళ బాణాలు చూడు. దూరంనుంచి చూడు, గురి పక్కన నిలబడకు. బీపీ మాత్ర మర్చిపోకు.

జయంతి


క్యారీ,
9 ఏప్రిల్ 2025

నా తల్లీ, నా జయంతీ,

నీ ఉత్తరం చిన్నదే అయినా అందులో బాధంతా నాకు తెలిసింది. 'నేను లేను' అని రాశావు. ఆ రెండు మాటలు చదివి నా ప్రాణం ఉసూరుమంది. మీ అమ్మకి చూపిస్తే ఎందుకో నవ్వింది. ఆవిడకి ఆట గురించి ఏం తెలుసు!

ఇప్పుడు కన్నీళ్ళు తుడుచుకుని విను. దారి దొరికింది. నేను వెతకలేదు, మాలెక్ భాయ్ తనంతట తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ళకి ఆట ఉంది, జట్టులో మనుషులు చాలటం లేదు. ఆయన కోడలు రుఖ్సానా, ఆవిడ అక్కచెల్లెళ్ళు, చుట్టుపక్కల నలుగురూ ఉన్నారు. పట్టడం నేర్చుకున్నారు. కూతకి వెళ్ళే మనిషే లేదు. మాలెక్ భాయ్ కొత్త చొక్కా తొడుక్కుని, మిఠాయి డబ్బా పట్టుకుని మన ఇంటికొచ్చాడు. సోఫాలో నిటారుగా కూర్చున్నాడు.

"మీ అమ్మాయిని మాకివ్వండి భాయ్" అన్నాడు.

పెళ్ళి సంబంధానికి వచ్చినట్టు! జగదీష్ కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను వెంటనే ఇచ్చేశాను. రుఖ్సానా నీకోసం చొక్కా కూడా తీసిపెట్టింది. ఆకుపచ్చ రంగు, మధ్యలో ఎర్రటి గుండ్రం. వాళ్ళ జెండా. ఒక దేశం తన ఆటని, తన జెండాని పక్కదేశం పిల్లకి ఇలా చేతులతో ఎత్తి ఇవ్వడం ఎక్కడైనా చూశావా? ఆ మనిషి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఎదుటి జట్టు ఎవరనుకున్నావు? మనవాళ్ళే. ఇక్కడ మాస్టర్స్ చదువుతున్న తెలుగు పిల్లలు, సాన్వి అని పొడుగ్గా ఉంటుంది, ఆ పిల్లా దాని స్నేహితురాళ్ళూ. ఆటకి ఎదురు జట్టు కావాలి కాబట్టి షారన్ ఒప్పుకుంది. నీ గురించి చెబితే సాన్వి, "అంకుల్, ఆంటీని మెల్లగా రమ్మనండి, మేం గట్టిగా పట్టుకోం లెండి" అంది. "నువ్వు తాకగలిగితే కదమ్మా పట్టుకోవడానికి" అన్నాను. బాగా చెప్పానా?

నీ కూతకోసం కాచుకుని ఉన్న
నాన్న


శాన్ రామన్,
20 ఏప్రిల్ 2025

నాన్నా,

నేనేం రాసినా నువ్వు దాన్ని సంతోషంగా మార్చేసుకుంటున్నావు. ఈసారి అలా చెయ్యకు. ఈ ఉత్తరం అమ్మకి కూడా చూపించకు.

మోకాలు కాదు. రూల్ కాదు. బంగ్లాదేశ్ చొక్కా అసలే కాదు, మాలెక్ అంకుల్ చాలా మంచివారు.

ఆరేళ్ళ కిందట ఇక్కడ పార్క్‌లో తెలుగువాళ్ళ పిక్నిక్ జరిగింది. లేడీస్ కబడ్డీ అన్నారు. నేను చాలా ఉత్సాహంగా ముందుకెళ్ళాను. మాయకి అప్పుడు తొమ్మిదేళ్ళు. నేను ఆడేదాన్నని దానికి తెలీదు, చూపిద్దామనుకున్నాను. గీత దాటానో లేదో ఊపిరి తెగిపోయింది నాన్నా. పచ్చికలో కూలబడిపోయాను. దగ్గు ఆగలేదు. అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, పిక్నిక్‌లో నవ్వినట్టే. కానీ మాయ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని, "మమ్, ప్లీజ్ స్టాప్, అందరూ చూస్తున్నారు" అంది. దాని మొహం ఎర్రగా అయిపోయింది. ఆ తర్వాత నేను ఆ ఆట పేరు ఇంట్లో ఎత్తలేదు. మోకాలికి సర్జరీ అయినప్పుడు, చెబుతున్నాను చూడు, నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక కారణం దొరికింది.

నువ్వు నా ఆట గురించి అందరికీ చెబుతావు. నువ్వు చెప్పే ఆ జయంతి చాలా బాగుంటుంది. దాన్ని అలాగే ఉంచుకో. నేనొచ్చి ఊపిరాడక నిలబడితే, ఇక నీకు అది గుర్తుండిపోతుంది. నాకు ఆ భయం. ఇంకేం లేదు.

జయంతి


క్యారీ,
28 ఏప్రిల్ 2025

అమ్మా జయంతీ,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. పార్కులో బెంచీ మీద కూర్చుని చదివి, అక్కడే మళ్ళీ చదివాను.

ఇవాళ సెంటర్‌కి వెళ్ళి బోర్డు మీద నీ పేరు నేనే తుడిచేశాను. షారన్ ఎందుకని అడిగితే, మా అమ్మాయికి వీలుపడదు, పొరపాటు నాదే అన్నాను. మాలెక్ భాయ్ ఏమీ అడగలేదు. ఆట నాకే బాగా తెలుసు కాబట్టి అంపైర్‌గా నిలబడమన్నాడు, సరే అన్నాను. రుఖ్సానా తనే కూతకి వెళ్తానంది. ధైర్యం గల పిల్ల. చేపల పులుసు చేసి పంపింది, దాంట్లో ఆవపిండి వేస్తారు, ముక్కుపుటాలు అదిరిపోయాయి, అద్భుతం.

ఇప్పుడు నేనొకటి చెబుతాను, నొచ్చుకోకు. నీ ఆట గురించి ఇంత చెప్పుకుంటాను కదా, నన్ను ఒక్క స్కోరు అడుగు. చెప్పలేను. రాజమండ్రిలో గెలిచారా ఓడారా? తెలీదు. విశాఖపట్నంలో ఫైనల్లో ఎవరి మీద ఆడారు? గుర్తులేదు. డ్యూటీ దిగి, చేతుల గ్రీజు సరిగ్గా కడుక్కోకుండానే బస్సెక్కి వచ్చేవాణ్ణి. నాకు గుర్తున్నదల్లా ఒకటే. ఎదుటి జట్టు పిల్లలంతా నీ మీద పడేవాళ్ళు. నువ్వు కనబడేదానివి కాదు. ఆ కుప్ప అడుగునుంచి నీ చెయ్యి ఒక్కటి బయటికొచ్చేది. గీత కోసం మట్టిలో వేళ్ళు పాకించుకుంటూ వచ్చేది. కొన్నిసార్లు అందేది. చాలాసార్లు అందేది కాదమ్మా. అందనప్పుడు కూడా నేను అంతే గొప్పగా చెప్పుకునేవాణ్ణి, డిపోలో అందరూ నవ్వేవాళ్ళు, 'ఓడిపోయినా స్వీట్లు పంచుతాడేంట్రా వీడు' అని.

కాబట్టి నేను చెప్పే జయంతికీ నీకూ ఏం తేడా లేదు. ఊపిరి తెగిన జయంతిని నేను బోలెడుసార్లు చూశాను.

ఇది నిన్ను రమ్మనడానికి రాయడం లేదు. రావద్దు. పేరు నిజంగానే తుడిచేశాను. పొగిడి పొగిడి నీ మీద బరువు పెట్టానని ఇప్పుడు తెలిసింది, అందుకు రాస్తున్నాను.

మాయ తల్లికి ముద్దులు.

నిన్ను చూడకుండానే నీ గురించి సంతోషపడగల
నాన్న


శాన్ రామన్,
6 మే 2025

నాన్నా,

పేరు మళ్ళీ రాయించు. ఒక్కటంటే ఒక్క కూత, అంతే. మాయ కూడా వస్తానంది. పండగకి ముందురోజు, శుక్రవారం సాయంత్రం ఫ్లైట్ దిగుతాం, అన్నయ్యకి మెసేజ్ పెట్టాను.

రుఖ్సానాని చొక్కా సైజు పెద్దది చూడమను.

జయంతి


క్యారీ,
3 జూన్ 2025

నా బంగారుతల్లి జయంతికి,

క్షేమంగా చేరారని జగదీష్ చెప్పాడు. ఆదివారం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే దారంతా నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. దిగాక నన్ను గట్టిగా పట్టుకుని, ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయావు. నీకు కోపం వచ్చిందని మీ అమ్మ అంటోంది. "కన్నకూతురికి విజిల్ ఊదే తండ్రి ఎక్కడైనా ఉంటాడా" అని మూడురోజులుగా నాకు కాఫీ చల్లారబెట్టి ఇస్తోంది.

కోపమొస్తే రానీ తల్లీ. కానీ నేను చూసింది నీకు చెప్పకుండా ఉండలేను. ఆడుతున్నప్పుడు నిన్ను నువ్వు చూసుకోలేవు కదా.

ఉదయంనుంచీ నాకు పండగే. దోర్జీ గారి బాణం గురికి తగిలినప్పుడు ఆ ముసలాయన చిందు చూశావా? పడిపోతాడని నేను పట్టుకోబోయాను, నన్ను కూడా చిందులోకి లాగేశాడు. ఎల్వీరా బిళ్ళ విసరడం చూశావా? చెయ్యి ఊపినట్టే ఉండదు, బుడగ టప్‌మంటుంది. ఫిలిప్పీన్స్ దంపతులు రెండేసి కర్రలతో ఆడింది అచ్చం మన కర్రసామే. ఎక్కడి సముద్రం, ఎక్కడి గోదారి! మలేషియా కుర్రాళ్ళు బెత్తంతో అల్లిన బంతిని వల మీదుగా కాళ్ళతో తన్నుకుంటుంటే, గాల్లో పల్టీ కొట్టి తన్నుతుంటే, నాకు మెడ నొప్పెట్టింది.

అప్పుడు సెంటర్ జిమ్ హాల్లోకి నువ్వు వచ్చావు. పచ్చ చొక్కా కొంచెం బిగుతైంది. షారన్ నన్ను పక్కకి పిలిచి, "స్వామీ, నీకు వినబడదు కదా, కూత ఆగిందో లేదో ఎలా తెలుస్తుంది?" అని జాలిగా అడిగింది. మాలెక్ భాయ్ "ఆయనకి తెలుస్తుంది" అన్నాడు. ఆటగాడు కదా, ఆయనకి తెలుసు.

కూత పెడుతున్న మనిషికి గొంతు కింద గుంట నిండుగా ఉంటుంది జయంతీ. ఊపిరి బయటికి పోతున్నంతసేపూ అది అలాగే ఉంటుంది. ఒక్క చుక్క గాలి లోపలికి లాగినా ఆ గుంట పీక్కుపోతుంది. పెదాలు అబద్ధం చెప్పగలవు, అది చెప్పలేదు. నేను నీ పెదాలు చూడటం లేదు.

వంగి నేలని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని వెళ్ళావు. అబ్బ, ఆ వంపు అలాగే ఉందమ్మా! ఎడమ కాలు ముందు, కుడిచెయ్యి వెనక. నీ మోకాలికి పట్టీ ఉందన్న సంగతి నేను మర్చిపోయాను. సాన్వి నవ్వుతూ వెనక్కి జరిగింది. నువ్వు దాని వైపు చూస్తూ, చూడకుండానే పక్కపిల్ల భుజం తాకావు. ఆ పిల్లకి తాకినట్టు కూడా తెలీలేదు! అప్పుడు సాన్వి నీ నడుం పట్టుకుంది, మిగతావాళ్ళు చేతులు కలిపి మూసేశారు. నువ్వు వాళ్ళని ఈడ్చుకుంటూ గీత వైపు వచ్చావు. అక్కడ వాళ్ళ చేతులు సడలాయి. వదిలేశారు. నేను చూశాను. నువ్వు బయటపడి గీతకి ఒక్క అడుగు దూరంలో ఉన్నావు. జిమ్ అంతా లేచి నిలబడింది. చప్పట్లు నాకు నేల లోంచి కాళ్ళకి తెలుస్తున్నాయి.

అప్పుడు నీ గొంతు గుంట లోపలికి పోయింది.

విజిల్ ఊదేశానమ్మా. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఊదేవాణ్ణి కాదేమో. చెయ్యెత్తి 'ఔట్' అన్నాను. చప్పట్లు ఆగిపోయాయి. మాయ నన్ను చూసిన చూపు ఇంకా నా కళ్ళలోనే ఉంది. షారన్ వచ్చి, 'ఫర్వాలేదు కానీ, ఔట్ ఇవ్వకపోతే బాగుండేది' అన్నట్టు భుజం తట్టింది.

నాకు మాత్రం ఎంత ఆనందంగా ఉందో ఎవరికి చెప్పుకోను? అంతదూరం తెచ్చావు ఆ ఊపిరిని! పిక్నిక్‌లో గీత దగ్గరే తెగిందన్నావు. ఎదుటి గళ్ళోకి వెళ్ళి, ఒకళ్ళని తాకి, నడుం మీద అంతమందిని మోసుకుంటూ గీత అంచుదాకా తెచ్చావు. ఎంత గొప్పగా ఔటయ్యావు తల్లీ! నేను చూసిన నీ కూతలన్నిట్లోకీ ఇదే గొప్పది. ఈ సంగతి చెబితే సెంటర్‌లో ఎవరూ నమ్మడం లేదు, ఓదార్పుకి అంటున్నాననుకుంటున్నారు. మాలెక్ భాయ్ ఒక్కడే నా వైపు చూసి తల ఊపాడు.

కోపం తగ్గాక ఒక ముక్క రాయి. తగ్గకపోయినా రాయి.

విజిల్ ఊదినా నీ పక్షానే ఉన్న
నాన్న


శాన్ రామన్,
12 జూన్ 2025

నాన్నా,

కోపం కాదు. మాట రాలేదు. మాట్లాడితే ఏడ్చేదాన్ని, అన్నయ్య కార్ ఆపి హడావుడి చేసేవాడు. అమ్మకి చెప్పు, నీకు వేడి కాఫీ ఇమ్మని.

ఫ్లైట్‌లో మాయ మొహం ముడుచుకుని కూర్చుంది. "మమ్, తాత ఎందుకలా చేశారు? వాళ్ళు నిన్ను లెట్ గో చేశారు కదా. యూ ఆల్మోస్ట్ మేడ్ ఇట్. తాత నీ సైడ్ కాదా?" అని అడిగింది.

వాళ్ళు వదిలేశారని నాకూ తెలుసు నాన్నా. పట్టు సడలితే నడుముకి తెలీదా? పాపం ఆంటీ, అంత దూరంనుంచి వచ్చింది అని వదిలేశారు. మంచి పిల్లలు. ఊపిరి తెగిందని కూడా తెలుసు. పెదాలు మాత్రం ఆడించాను. ఇంకో అడుగు వేసేస్తే అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు, నేను నవ్వుతూ చెయ్యి ఊపి, ఫోటో దిగి, ఇంటికొచ్చి ఆ చొక్కా మడిచి అడుగున పెట్టేసేదాన్ని. ఆ జిమ్‌లో అందరూ నన్ను ముద్దు చేస్తున్నారు. నువ్వొక్కడివే నన్ను నిజంగా ఆడుతున్న మనిషిని చూసినట్టు చూశావు. విజిల్ వినగానే నాకు ముందు సిగ్గు వేసింది. తర్వాత ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది. ఔట్ అంటే నేను నిజంగా ఆడినట్టే కదా!

మాయకి ఇదంతా ఇంగ్లీషులో చెప్పేసరికి చాలా సేపు పట్టింది. విని, "సో తాత వాజ్ బీయింగ్ నైస్?" అంది. నైస్ కాదే, అంతకంటే ఎక్కువ అన్నాను. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నీతో వాదించడానికి తెలుగు నేర్చుకుంటానంటోంది, రెడీగా ఉండు.

మోకాలు వాచింది. ఐస్ పెట్టుకున్నాను, తగ్గుతోంది. రుఖ్సానాకి నేనే ఫోన్ చేశాను, మాట్లాడుతూనే ఉండిపోయాం.

ఇంకో సంగతి. ఉదయం ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ కార్‌లో కూత పెడుతున్నాను. ఒక సిగ్నల్ దగ్గర మొదలుపెట్టి ఎంతదాకా వస్తుందో చూస్తున్నాను. మొదటిరోజు పెట్రోల్ బంక్ దాటలేదు. నిన్న లైబ్రరీ దాకా వచ్చింది. పక్క కార్లవాళ్ళు అద్దం దించి మరీ చూస్తున్నారు.

చూడనీ.

నీ జయంతి